మెషీన్ వచ్చాక కాదు, టైల్స్ రాకముందే!

పండగ సేల్‌లో ఆఫర్ చూసి ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్ బుక్ చేశారు. రెండ్రోజుల్లో డెలివరీ. మూడో రోజు ఇన్‌స్టలేషన్ కుర్రాడు వచ్చాడు. యుటిలిటీ బాల్కనీలోకి వెళ్లి గోడ చూశాడు, నేల చూశాడు, తల గోక్కున్నాడు. "సార్, ఈ ట్యాప్‌కి మన పైపు ఎక్కదు. డ్రెయిన్ కూడా నేల మీదుంది. ప్లంబర్‌ని పిలిచి పాయింట్ మార్పించుకోండి, అయ్యాక మళ్లీ కాల్ బుక్ చేయండి" అని చెప్పి వెళ్లిపోయాడు. మెషీన్ మాత్రం అట్టపెట్టెలోనే హాల్లో ఉండిపోయింది. దాని మీద అప్పుడే న్యూస్‌పేపర్లు, బైక్ తాళాలు చేరిపోయాయి.

కొత్త ఫ్లాట్లలో ఈ సీన్ చాలా మామూలు. తప్పు ఆ కుర్రాడిది కాదు, మెషీన్‌దీ కాదు. ఆ గోడకి ఇంకా ప్లాస్టరింగ్ కూడా కాకముందు, ఇటుకల్లో గాడి కొట్టి పైపులు పరిచిన రోజున జరిగిపోయింది. దాన్ని సైట్‌లో 'కన్సీల్డ్ పని' అంటారు. ఆ రోజు ఓనర్ సైట్‌లో ఉండడు. ఉన్నా కిచెన్ గ్రానైట్ నలుపా, ఆకుపచ్చా అన్న చర్చలో ఉంటాడు. ఈ ఇంటికి ఏ మెషీన్ వస్తుందో ప్లంబర్‌కి తెలీదు. అతను అడగడు, మనం చెప్పం. దాంతో పక్క ఫ్లాట్‌లో ఎలా పెట్టాడో ఇక్కడా అలాగే పెట్టేస్తాడు. గోడ మధ్యలో ఒక కుళాయి, మూలన ఒక నహానీ ట్రాప్, అంతే.

"ఇప్పుడెందుకు, తర్వాత మార్చుకుందాంలే" అంటారా? కుళాయి మార్చాలంటే గోడ తవ్వాలి, సరే, ఎలాగో చేయొచ్చు. డ్రెయిన్ మార్చాలంటే శ్లాబు జోలికి వెళ్లాలి. మన అపార్ట్‌మెంట్లలో చాలావాటిల్లో మీ నేల మీది ట్రాప్ తాలూకు పైపు శ్లాబు దాటి, కింది ఫ్లాట్ సీలింగ్‌ కింద వేలాడుతూ డక్ట్‌లోకి వెళ్తుంది. అంటే మీ డ్రెయిన్‌ని ఒక అడుగు జరపాలన్నా కింది ఆంటీ వాళ్లింట్లో నిచ్చెన వేయాలి. మీ నేలకి వేసిన వాటర్‌ప్రూఫింగ్ పగలగొట్టాలి. అది మళ్లీ సరిగ్గా అతుక్కోకపోతే నాలుగు వాష్‌లు తిరిగేసరికి కింద చెమ్మ దిగుతుంది. ఆ తర్వాత లిఫ్ట్‌లో ఎదురుపడితే ఇద్దరూ ఫోన్ చూసుకోవడమే.

ముందు డ్రెయిన్ సంగతి

అన్ని వాషింగ్ మెషీన్లూ నీళ్లని ఒకేలా బయటికి పంపవు. అసలు గొడవంతా ఇక్కడే మొదలవుతుంది. సెమీ ఆటోమేటిక్, ఇంకా మన దగ్గర అమ్మే చాలా టాప్ లోడ్ మోడళ్లలో నీళ్లు తమ బరువుతో తామే కిందికి జారతాయి. లోపల పంపు ఉండదు, ఒక వాల్వ్ తెరుచుకుంటుందంతే. వాటి గొట్టం నేల మీదే ఉండాలి. ఓ బెత్తెడు ఎత్తు లేపినా నీళ్లు పూర్తిగా పోవు. ఫ్రంట్ లోడ్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. అందులో పంపు ఉంటుంది, నీళ్లని పైకి నెడుతుంది. దాని గొట్టం కొస నేల నుంచి సుమారు 60 నుంచి 100 సెంటీమీటర్ల ఎత్తులో, అంటే రెండడుగుల నుంచి మూడుంబావు అడుగుల మధ్యలో ఉండాలని చాలా కంపెనీల మాన్యువల్స్ చెబుతాయి.

మరి ఫ్రంట్ లోడ్ గొట్టాన్ని తీసుకెళ్లి నేల మీద జాలీలో పడేస్తే ఏమవుతుంది? బండి ట్యాంకులోంచి గొట్టంతో పెట్రోలు తీయడం చూసే ఉంటారు. ఒక్కసారి ధార మొదలైతే ఇంక ఎవరూ లాగక్కర్లేదు, కొస కిందుంటే చాలు, దానంతటదే కారుతూ ఉంటుంది. ఇక్కడా అదే. మెషీన్ పైనుంచి నీళ్లు నింపుకుంటుంటే కిందనుంచి అవి జారిపోతుంటాయి. లోపలి సెన్సర్‌కి "ఇంకా నిండలేదు" అనిపిస్తుంది, ఇంకా నింపుతుంది. గంటలో అవ్వాల్సిన వాష్ మూడు గంటలు నడుస్తుంది. సబ్బంతా డ్రెయిన్‌లోకి పోతుంది, బట్టలు మురికిగానే ఉంటాయి. చాలామంది దీన్ని మెషీన్ లోపం అనుకుని సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తారు. టెక్నీషియన్ వచ్చి గొట్టం పైకి కట్టి, విజిటింగ్ ఛార్జి తీసుకుని వెళ్తాడు.

దీనికి మందు స్టాండ్ పైపు. పేరు గొప్పగా ఉంది గానీ, గోడ వెంట నిలబెట్టిన ఒక 50 మిల్లీమీటర్ల పైపు, అంతే. పైన నోరు తెరిచి ఉంటుంది, మెషీన్ గొట్టం అందులోకి దిగుతుంది. దీన్ని గోడలో దాచినా, పైన క్లాంపులతో బిగించినా ఫరవాలేదు. ఫరవాలేనివి కాని సంగతులు వేరే ఉన్నాయి.

ఒకటి సైజు. "చిన్న గొట్టమే కదా" అని ప్లంబర్ ఒకటింబావు అంగుళం పైపు వేసేస్తాడు. మెషీన్ పంపు నీళ్లని బొట్లుబొట్లుగా వదలదు, ఒక్క ఉదుటున కుమ్మరిస్తుంది. నీళ్లతోపాటు నురగ, దూది పీచు. సన్న పైపు తట్టుకోలేదు, పైనుంచి పొంగుతుంది. గొట్టం చుట్టూ గాలి ఆడాలి కూడా. కొందరు వాసన రాకూడదని గొట్టానికీ పైపుకీ మధ్య సందుని టేపుతో, సిలికాన్‌తో బిగించేస్తారు. గాలి దారి మూసుకుపోతే ఇందాకటి పెట్రోలు కథే మళ్లీ మొదలవుతుంది. గొట్టాన్ని మూరెడు లోపలికి తోసేయడం కూడా అలాంటిదే. ఓ జానెడు లోపు చాలు, జారిపోకుండా ఒక ట్యాగ్‌తో కట్టండి.

ఇంకోటి, కొలత ఎక్కడనుంచి తీశారన్నది. ఇది చాలామంది కళ్లుగప్పే తప్పు. కన్సీల్డ్ పని రోజున నేల మీద టైల్స్ ఉండవు, వట్టి శ్లాబే ఉంటుంది. ప్లంబర్ శ్లాబు మీద టేపు ఆనించి రెండడుగులు కొలిచి గుర్తు పెడతాడు. తర్వాత వాటర్‌ప్రూఫింగ్, దాని మీద సిమెంటు, దాని మీద టైల్. అన్నీ కలిపి మూడు నాలుగు అంగుళాలు నేల పైకి లేస్తుంది. రెండడుగుల పైపు ఇరవై అంగుళాలైపోతుంది. అందుకే మంచి మేస్త్రీలు ముందే నీళ్ల గొట్టంతో లెవెల్ చూసి, పూర్తయ్యాక నేల ఎక్కడుంటుందో గోడలన్నిటికీ గీత కొడతారు. కొలతలన్నీ ఆ గీత నుంచే తీయాలి. "గీత కొట్టారా అన్నా?" అని మీరు ఒక్క మాట అడిగితే చాలు, ఈ కస్టమర్‌కి ఏదో తెలుసు అన్న భయం అవతలివాళ్లకి వస్తుంది. ఆ భయం చాలా పనులు చక్కబెడుతుంది.

తర్వాత ట్రాప్. నహానీ ట్రాప్‌లో వంపు ఎందుకుంటుంది? ఆ వంపులో ఎప్పుడూ రెండంగుళాల నీళ్లు నిలిచి, డ్రైనేజీ వాసననీ బొద్దింకలనీ ఆపుతాయి. స్టాండ్ పైపుని ట్రాప్‌తో సంబంధం లేకుండా నేరుగా డక్ట్ పైపుకి కలిపేస్తే ఆ వాసన తిన్నగా గొట్టంలోంచి మెషీన్ డ్రమ్ములోకి చేరుతుంది. టబ్ క్లీన్ పౌడర్ నెలకో ప్యాకెట్ కొని పోస్తున్నా కంపు వదలడం లేదా? ఒకసారి పైపు ఎక్కడ కలిసిందో చూడండి. అలాగని స్టాండ్ పైపుకొక ట్రాప్ పెట్టి, దాన్ని మళ్లీ నేల ట్రాప్‌లోకి వదలడమూ తప్పే. వరసగా రెండు ట్రాప్‌లుంటే మధ్యలో గాలి ఇరుక్కుని నీళ్లు నత్తనడక నడుస్తాయి. పక్కన దారులుండే మల్టీ ఫ్లోర్ ట్రాప్ దొరుకుతుంది. స్టాండ్ పైపుని దాని పక్క దారిలోకి కలిపితే ఒక్క ట్రాపే రెంటికీ సరిపోతుంది. పైన జాలీ టాప్ లోడ్‌కి, నేల కడిగిన నీళ్లకి పనికొస్తుంది. రేపు మీరు ఇల్లు అద్దెకిచ్చినా ఏ మెషీన్ వచ్చినా ఇబ్బంది ఉండదు.

ఆ ట్రాప్ మెషీన్ కింద ఉండకూడదు. ఇది చెప్పాలా అనిపిస్తుంది గానీ, చెప్పాలి. అరవై డెబ్భై కిలోల మెషీన్ని జరిపితే తప్ప జాలీ శుభ్రం చేయలేని ఇళ్లు బోలెడు. పీచు పేరుకుని నీళ్లు నిలిచినరోజు ఎవరు జరుపుతారు? పైగా నేల వాటం ట్రాప్ వైపు ఉంటుంది కాబట్టి మెషీన్ సరిగ్గా వాలులో కూర్చుంటుంది, స్పిన్ తిరిగేటప్పుడు దడదడలాడుతూ నడిచి వస్తుంది. అడ్డంగా వెళ్లే పైపుకి కూడా వాటం ఉండాలి, మీటరుకి రెండు సెంటీమీటర్లు వాలితే బాగుంటుంది. మరీ సమంగా ఉంటే పీచు అక్కడే తిష్ట వేస్తుంది.

వాన పైపులోకి వదిలేస్తే?

ఇక్కడ కాస్త కోపంగానే రాస్తాను. బాల్కనీలో డ్రెయిన్ పాయింట్ లేకపోతే చాలామంది చేసే పని, పక్కనే డాబా మీదనుంచి దిగే వాన నీళ్ల పైపుకి చిల్లు పెట్టి గొట్టం దూర్చేయడం. బిల్డర్లే అలా ఇస్తున్న చోట్లూ ఉన్నాయి. ఆ పైపు డ్రైనేజీకి వెళ్లదు. వానాకాలంలో నీళ్లు ఎటు పోవాలో అటు వెళ్తుంది. అంటే రోడ్డు పక్క కాలవకి, అక్కణ్నుంచి చెరువుకి, లేదా మీ అపార్ట్‌మెంట్ ఇంకుడు గుంతకి. ఇంకుడు గుంత ఎందుకు తవ్వారు? బోరు ఎండకుండా ఉండటానికి. అందులోకి రోజూ ఇరవై ఇళ్ల సబ్బు నీళ్లు పోస్తే అవి ఎక్కడికి ఇంకుతాయి? బెంగళూరు బెళ్లందూరు చెరువు నురగ రోడ్ల మీదికి ఎగిరొచ్చిన వీడియోలు మీరూ షేర్ చేసే ఉంటారు. శుద్ధి చేయని మురుగు, అందులోని డిటర్జెంట్లు కలిసి చేసిన నిర్వాకం అది. మనం అంత దూరం వెళ్లక్కర్లేదు, గట్టి వాన పడ్డప్పుడు ఆ పైపు నిండా నీళ్లుంటాయి, అప్పుడు మెషీన్ నీళ్లు పోయే దారి లేక మీ బాల్కనీలోకే తిరిగొస్తాయి. మురుగు నీళ్లు మురుగు పైపులోకే వెళ్లాలి. ఈ విషయంలో బిల్డర్ "అందరూ ఇంతే సార్" అంటే వినకండి.

మొదటి అంతస్తులో కొనేవాళ్లకి ఇంకో మాట. పైన నాలుగంతస్తుల మెషీన్ల నీళ్లు ఒకే నిలువు పైపులో దూకుతూ వస్తాయి. దూకే సబ్బు నీళ్లు నురగవుతాయి. కింద పైపు మలుపు తిరిగే చోట ఆ నురగ కూడుతుంది, దారి దొరక్క దగ్గర్లో ఉన్న ట్రాప్‌లోంచి బుసబుసా పైకి వస్తుంది. ఆ దగ్గర్లో ఉన్న ట్రాప్ మీదే. ఆదివారం పొద్దున మీరు మెషీన్ వేయకుండానే మీ యుటిలిటీలో నురగ పొంగితే దయ్యాలు కావు. ఆ అంతస్తు పైపుని పైవాళ్ల నిలువు పైపుకి కలపకుండా విడిగా కిందకి దించి, బయట ఛాంబర్‌కి కలపాలి. ఇది కొనకముందు అడగాల్సిన ప్రశ్న. తర్వాత అసోసియేషన్ మీటింగుల్లో అడిగితే టీ తాగి వెళ్లిపోతారు.

కుళాయి: అర అంగుళం తేడాతో అరగంట గొడవ

నీళ్లు రావడం దగ్గర తప్పులు చిన్నవే, కానీ రోజూ సతాయిస్తాయి. మెషీన్ వెనక సరిగ్గా మధ్యలో కుళాయి పెడితే, దాని ముక్కు బయటికి పొడుచుకొచ్చి మెషీన్ గోడకి ఆనదు. నాలుగడుగుల బాల్కనీలో ఆరంగుళాలు పోతే తలుపు తెరిచి బట్టలు తీయడానికి మీరు పక్కకి తిరిగి నిలబడాలి. ఫ్రంట్ లోడ్ సాధారణంగా 85 సెంటీమీటర్ల ఎత్తు, 60 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. కాబట్టి కుళాయి దాని పైన, అంటే నేల నుంచి మూడున్నర అడుగుల దగ్గర, ఓ పక్కకి ఉండేలా చూసుకోండి. చెయ్యి చాపితే అందాలి. ఎందుకంటే ఊరెళ్లేటప్పుడు దాన్ని కట్టేయాలి. మెషీన్ వెనక దాక్కున్న కుళాయిని ఎవరూ కట్టరు.

కుళాయి రకం కూడా ముఖ్యం. బకెట్ పట్టుకునే మామూలు కుళాయి ముక్కుకి మరలుండవు. దానికి నాలుగు స్క్రూలున్న అడాప్టర్ తొడిగి ఎలాగో బిగిస్తారు. నాలుగు స్క్రూల మీద, ఒక రబ్బరు వాషర్ మీద నమ్మకం పెట్టుకుని మీరు ఆఫీసుకి వెళ్తారు. ప్రెషర్ పెరిగినప్పుడో రబ్బరు ఎండినప్పుడో అది ఊడుతుంది. దాని బదులు ముక్కుకి ముప్పావు అంగుళం మరలుండే వాషింగ్ మెషీన్ ట్యాప్ అని విడిగా దొరుకుతుంది. గొట్టం నేరుగా దాని మీదే తిరుగుతుంది. బకెట్‌కి వేరే కుళాయి పెట్టుకోండి.

ఆ ట్యాప్ ఎక్కే ఎల్బో గోడలో ఎంత లోతున ఉందో చూడండి. ఇటుక మీద ప్లాస్టరింగు, దాని మీద టైల్ గమ్ము, టైల్. ఎల్బో నోరు సరిగ్గా టైల్ ముఖానికి సమంగా రావాలి. లోపలికి పోతే నిపుల్ ముక్క అతికించాలి, ఒక జాయింట్ పెరిగినట్టు, ఒక లీకు చోటు పెరిగినట్టు. బయటికొస్తే మూత రింగు కూర్చోదు, ఎప్పుడూ పళ్లు బయటపెట్టినట్టుంటుంది. ఇంకా, ఆ ఎల్బో మరలు ఇత్తడివై ఉండాలి. వట్టి ప్లాస్టిక్ మరలైతే రెండోసారి ట్యాప్ మార్చి పానాతో బిగించేసరికి చిట్లుతుంది. చిట్లేది గోడ లోపల. ముందు తెలీదు, అవతలి బెడ్‌రూంలో పెయింట్ ఉబ్బినప్పుడే తెలుస్తుంది.

పై అంతస్తువాళ్లు ప్రెషర్ లెక్క చూసుకోవాలి. లెక్క తేలికే, పది మీటర్ల నీటి ఎత్తుకి సుమారు ఒక బార్. చాలా ఫ్రంట్ లోడ్ మోడళ్లకి కనీసం 0.3 నుంచి 0.5 బార్ కావాలి, అంటే కుళాయికీ ట్యాంకు అడుగుకీ మధ్య మూడు నుంచి ఐదు మీటర్లు. మీ ఫ్లాట్ టాప్ ఫ్లోర్, ట్యాంకు డాబా మీద మూడడుగుల దిమ్మ మీద ఉందనుకుంటే, ఆ మూడు మీటర్లు అంతంతమాత్రంగా వస్తాయి. దానికి తోడు ప్లంబర్ అర అంగుళం పైపుని ఆరు ఎల్బోలు తిప్పి తెచ్చాడనుకోండి, మెషీన్ నీళ్ల కోసం ఎదురు చూసి చూసి ఎర్రర్ కొట్టి ఆగిపోతుంది. యుటిలిటీ దాకా ముప్పావు పైపు తెచ్చి, ట్యాప్ దగ్గర మాత్రమే అర అంగుళం చేయమనండి. అదీ చాలకపోతే ప్రెషర్ పంపు. దానికి చోటు, కరెంట్ పాయింట్ కూడా ఈ దశలోనే అనుకోవాలి.

హైదరాబాద్‌లో చాలా అపార్ట్‌మెంట్లలో రెండు లైన్లుంటాయి, కిచెన్‌లోకి మునిసిపల్ నీళ్లు, మిగతా ఇంటికి బోరు నీళ్లు. వాషింగ్ మెషీన్ పాయింట్ ఎక్కడ కలుపుతారు? అడక్కపోతే బోరుకే. గట్టి నీళ్లలో సబ్బు నురగ రాదు, హీటర్ మీద ఉప్పు పేరుకుంటుంది, మెషీన్ వెనక గొట్టం ఎక్కే చోట ఉండే చిన్న జల్లెడలో ఇసుక నిండుతుంది. మునిసిపల్ లైన్ దగ్గర్లో ఉంటే ఒక టీ పెట్టి కలిపించుకోండి. కుదరకపోతే నెలకోసారి కుళాయి కట్టి, గొట్టం విప్పి, ఆ జల్లెడని కటింగ్ ప్లేయర్‌తో లాగి కడగండి. ఐదు నిమిషాల పని. "నీళ్లు సన్నగా వస్తున్నాయి" అన్న కంప్లయింట్లలో సగం ఈ జల్లెడ దగ్గరే తేలిపోతాయని టెక్నీషియన్లే నవ్వుతూ చెబుతారు.

కరెంట్ సంగతి ఒక్క ముక్కలో. హీటర్ ఉన్న మెషీన్ 2000 వాట్ల దాకా లాగుతుంది కాబట్టి ఎర్త్ ఉన్న 16 ఆంపియర్ల సాకెట్ కావాలి. అది కుళాయి కింద ఉండకూడదు, పక్కన, పైన ఉండాలి.

ఫోన్ తీయండి

గాడి పూడ్చేముందు రెండు పనులు. మొదటిది, పైపుల నోళ్లకి ప్లగ్గులు బిగించి నీళ్లు నింపి, పంపుతో ప్రెషర్ పెట్టి, మర్నాటి దాకా ఉంచమనండి. మీటరు ముల్లు దిగకపోతే గోడ మూయొచ్చు. డ్రెయిన్ పైపులో కూడా నీళ్లు నిలబెట్టి చూడాలి. రెండోది మీ పని. గోడకి టేపు ఆనించి, అంకెలు కనబడేలా ఫొటోలు తీయండి. మూల నుంచి పైపు ఎంత దూరం, నేల గీత నుంచి ఎంత ఎత్తు. రీల్ కాదు, స్థిరంగా, ఎదురుగా నిలబడి. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో కాకుండా క్లౌడ్‌లో పెట్టండి. మూడేళ్ల తర్వాత షెల్ఫ్ కోసం డ్రిల్లర్ పట్టుకున్నవాడు "ఇక్కడ పైపుందా?" అని అడిగినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

అద్దె ఇంట్లో ఉన్నారు, గోడ మీది కాదు, అప్పుడు? ఏమీ పగలగొట్టక్కర్లేదు. ఓనర్‌కి చెప్పి ట్యాప్ మార్పించుకోండి, ఖాళీ చేసేటప్పుడు పాతది మళ్లీ బిగించొచ్చు. ఫ్రంట్ లోడ్ వెంట 'యు' ఆకారపు ప్లాస్టిక్ కొక్కెం వస్తుంది, చాలామంది అట్టపెట్టెతో పాటు పారేస్తారు. వెతకండి. 50 మిల్లీమీటర్ల పైపు ముక్క ఒకటి, నేల జాలీలో దిగేలా, గోడకి రెండు క్లాంపులతో నిలబెడితే అదే మీ స్టాండ్ పైపు. జాలీకి మధ్యలో పైపు పట్టే బెజ్జం ఉన్న మూత హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. గొట్టం చాలలేదని రెండు గొట్టాలు అతికించకండి. మెషీన్‌నే జరపండి.

అన్నీ బిగించాక మొదటిసారి బట్టలు లేకుండా రిన్స్, స్పిన్ మాత్రం పెట్టండి. నీళ్లు బయటికి దూకే ఆ నిమిషం ఫోన్ టార్చ్ వేసి పైపు నోటి దగ్గర చూడండి. నీళ్లు అంచు దాకా వచ్చి ఊగుతుంటే ఇంకా ప్లంబర్‌కి డబ్బులు ఇవ్వకండి.